పురుగులు ఒప్పుకోని నీళ్లు

మా ఇంటి ఓనరు కుళ్లాయప్ప సారుకు లోకంలో ఏ వస్తువు కనబడినా ముందు నాలుకకు ఆనించి, అందులో ఉప్పెంతుందో చెప్పాలి. ఇదొక్కటి తప్ప ఆయనలో ఇంకే లోపమూ లేదు. కాకపోతే ఈ ఒక్కటే పది లోపాల పెట్టు.

సాంబారు, మజ్జిగ అయితే సరే, ఉప్పు అందరమూ చూస్తాం. సారు అక్కడితో ఆగరు. బోరు నీళ్లు, గోడకు పొంగిన చౌడు, ఉతికి ఆరేసిన చొక్కా కాలరు, అన్నీ చూడాల్సిందే. నాది మోటార్ల వైండింగు షాపు. ముందు షాపు, వెనక నా కాపురం, పైన సారు. ఒకసారి రిపేరుకొచ్చిన బోరు మోటారు మీద పేరుకున్న తెల్లపొరను గోటితో గీకి చప్పరించి, "ఇది కుందుర్పి దిక్కు మోటారు కదప్పా తిప్పేషూ?" అన్నారు. నిజంగా కుందుర్పిదే. నాకు మెచ్చుకోవాలనిపించలేదు, భయమేసింది. ప్లగ్గు పీకకముందే ఈయన ఏదో ఒక మోటారును నాకితే రేపు పోలీసులు అడిగేది నన్ను.

కొలత కూడా మనుషులు వాడే కొలత కాదు. అన్నీ సముద్రంతోనే కొలుస్తారు. "సాంబారు పావు సముద్రం ఉండాది." "ఈ ఊరగాయ నాలుగు సముద్రాలప్పా, బీపీ ఉన్నోళ్లు దూరం జరగండి." మాది కళ్యాణదుర్గం. మా వీధిలో సముద్రం చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. పెళ్లిళ్లలో వంటమాస్టర్లు సారు వస్తున్నారంటే గరిటె దాచుకునేవాళ్లు. ఒకాయన మాత్రం తెగించి అడిగేశాడు. "సారూ, సముద్రం ఎట్లుంటాదో నాకు తెల్దు. ఇంగో చారెడు వేయాల్నా వద్దా, అది చెప్పు."

ఒక పెళ్లిలో అప్పగింతలప్పుడు పెళ్లికూతురు వెక్కి వెక్కి ఏడుస్తోంది. సారు ముందుకొచ్చి, "కన్నీళ్లు పావు సముద్రమే తల్లీ. అంటే సాంబారంత. దీనికింత బాధ దేనికి?" అన్నారు. ఆ పిల్ల ఏడుపు మరిచిపోయి నవ్వేసింది. మగపెళ్లివాళ్లు మాత్రం ఈయన మనకు ఏమవుతాడని భయంగా ఆరా తీశారు.

ఇంత సముద్రప్పిచ్చి ఉన్న మనిషి సముద్రాన్ని చూసింది రిటైరయ్యాకే. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేవారు. సముద్రం అడుగు బురదలో బతికే పురుగులు, ఆల్చిప్పలు, నత్తల గురించి సర్వీసంతా బోర్డు మీద బొమ్మలు గీసి చెప్పడమే. ఆయన దగ్గర చదువుకున్న హేమలత అనే అమ్మాయి ఇప్పుడు నెల్లూరు దిక్కు తీరంలో ఒక పరిశోధన కేంద్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆ అమ్మాయి రమ్మంటే వెళ్లారు. ఎవరైనా సముద్రం దగ్గరికి పోతే అలలు చూస్తారు, ఫోటో దిగుతారు. సారు వంగి, దోసెడు నీళ్లు తీసుకుని, నాలుక ఆనించి, కళ్లు మూసుకుని నిలబడిపోయారట. "ఎట్లుంది సార్?" అని హేమలత అడిగితే, కాసేపు ఆలోచించి "సరిగ్గా ఒక సముద్రం" అన్నారట.

పోయిన చలికాలంలో హేమలతే ఒక వ్యాను వేసుకుని మా ఇంటిముందు దిగింది. డ్రమ్ముల నిండా సముద్రపు అడుగు బురద, సముద్రపు నీళ్లు. పైన వరండాలో నాలుగు ప్లాస్టిక్ తొట్లు పెట్టి, అన్నింట్లో ఒకే బురద, అవే జీవులు వేసి, బుడగలు వదిలే గాలి మోటార్లు బిగించింది. అనంతపురం జిల్లాలో సముద్రం పెట్టడమేమిటమ్మా అని అడిగాను.

"ఆడ తుఫానొస్తే కరెంటు పోతాదన్నా. పోయినేడు తొట్లు గూడా కొట్టుకుపోయి సగం పని నాశనమయింది. మన దిక్కు తుఫాను రాదు కదా."

"తుఫానేంది, వానే రాదు" అన్నారు సారు, ఛాతీ విరుచుకుని. కరువు కూడా ఒక అర్హతని నేను వినడం అదే మొదలు.

సారు నన్ను కూచోబెట్టి పాఠం చెప్పారు. మొదటి తొట్లో సముద్రమంత ఉప్పు. రెండోదాంట్లో సగం, వరదొచ్చి ఏటి నీళ్లు కలిసినట్టు. మూడోదాంట్లో ఎండాకాలం ఉప్పుమడి మాదిరి, వారానికింత కలుపుతూ మెల్లమెల్లగా ఎక్కించే ఉప్పు. నాలుగోదాంట్లో ఉప్పు సరిగ్గానే, గాలి మాత్రం తక్కువ. దినమూ ఉప్పు కొలిచి రాసిపెట్టి, చివరికి ఏ తొట్లో ఎన్ని రకాలు మిగులుతాయో చూడాలి.

"రకాలెందుకు సారూ? ఎన్ని బతికినాయో లెక్కపెడితే చాలదా?"

"వెయ్యి బతికినా అంతా ఒకటే రకమైతే ఆ అడుగు చెడిపోయినట్లే లెక్కప్పా. మన చేన్లు చూడు. మా నాయన కాలంలో కొర్ర, సజ్జ, అనుము, అలసంద, అన్నీ ఉండె. ఇప్పుడు యాడ చూసినా శనక్కాయే. ఒక్క వాన తప్పితే అంతా ఒకేసారి పోతాంది."

ఇది నాకు ఎక్కింది. ఎక్కనిది ఇంకొకటి. తొట్ల మీద ఎర్రరంగుతో గీత గీసి ఉంది. ఎండకు నీళ్లు ఇగిరి గీత కిందికి దిగితే, గీత దాకా మంచినీళ్లు పోయాలట. సముద్రప్పురుగులకు మంచినీళ్లేమిటంటే, ఇగిరేది నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోదు, అడుగునే ఉండి ఘాటెక్కుతుంది అన్నారు.

వెళ్లేటప్పుడు హేమలత మెట్ల దగ్గర ఆగింది. "ఈ తొట్లు పోతే నా పీహెచ్‌డీ పోయినట్లే సార్. మళ్లా మొదలుపెట్టే గడువు లేదు నాకు. మే నెలాఖరు ఆదివారం వచ్చి జల్లెడ పట్టి తీసకపోతా. అంతవరకు మీదే భారం."

"నా నాలుక మీద ఒట్టు తల్లీ" అన్నారు సారు. ఆయన దగ్గర అంతకంటే విలువైన వస్తువు లేదు.

ఏప్రిల్ దాటేసరికి మా వీధి కొళాయి ఆగిపోయింది. వీధి బోరులో నీళ్లున్నాయి కానీ అవి ఉప్పు. గిన్నెలు తోముకోవచ్చు, తాగితే గొంతు పట్టేస్తుంది. తాగడానికి రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరే దిక్కు. వరసలో బిందె పెట్టి చోటు పట్టుకోవాలి, బిందె లేకపోతే రాయి. ఆ రాయిని కదిపినవాళ్లతో మా వీధిలో జన్మకు మాటలుండవు. ఈ వ్యవహారానికంతా పెద్ద హనుమక్క. ఆ పదవి ఆమెకు ఎవరూ ఇవ్వలేదు, ఆమె గొంతే తెచ్చుకుంది.

సారుకు నాలుగు బిందెలు. ఇంటికి రెండు, పురుగులకు రెండు అని హనుమక్కను ఎట్లాగో ఒప్పించుకున్నారు. నీళ్లు పట్టాక నడివీధిలో తీర్పు జరిగేది. ఒక్కో బిందెలో వేలు ముంచి నాలుకకు ఆనించేవారు.

"ఇది పనికొస్తాది. ఇది గూడా. ఇది... ఊఁహూఁ, పురుగులు ఒప్పుకోవు. ఇది అసలే ఒప్పుకోవు."

ఆ ఒప్పుకోని రెండు బిందెలనూ టీవీయస్ బండికి చెరోపక్క కట్టుకుని వెనకసందు దిక్కు పోయి, ఖాళీ బిందెలతో తిరిగొచ్చేవారు. ట్యాంకరు డ్రైవరు లింగన్న నెత్తి కొట్టుకునేవాడు. "ఒకటే ట్యాంకరు, ఒకటే పైపు. రెండు బిందెలు తీపి, రెండు బిందెలు ఉప్పు ఎట్ల వస్తాయి సారూ?"

"దానికి నాలుకుండాల లింగన్నా" అనేవారు సారు.

మనుషులు చెంబు నీళ్ల కోసం జుట్లు పట్టుకుంటుంటే, పురుగులకు నచ్చలేదని ఈయన బిందెలకు బిందెలు పారబోసి వస్తున్నాడని వీధంతా కుతకుతలాడింది. నాకైతే ఆయన ఇంట్లోనే అద్దెకుంటున్నందుకు సగం తిట్లు నా వాటాకు వచ్చేవి.

మే మధ్యలో ఒక పొద్దున ట్యాంకరు సగమే నింపుకుని వచ్చింది. వరసలో చివరి బిందెలు ఖాళీగా మిగిలాయి. సరిగ్గా అప్పుడే సారు తన మూడో బిందెలో వేలు ముంచి "ఊఁహూఁ" అన్నారు.

హనుమక్క కొంగు నడుముకు దోపుకుని ముందుకొచ్చింది. "ఆపు సారూ. చదువుకున్నోడివని ఇన్నాళ్లు ఊరుకున్నాం. నీ పురుగులు ఉప్పుపురుగులా కాదా?"

"ఉప్పువే."

"మన బోరు ఉప్పుబోరా కాదా?"

"ఉప్పుదే కానీ..."

"ఇంగ కానీ లేదు. ఆ బోరు నీళ్లు పోసుకో, కావల్సినన్ని ఉండాయి. ఉప్పుపురుగులకు మంచినీళ్లు, మనుషులకు ఉప్పునీళ్లా? ఈ పొద్దునుంచి నీకూ ఇంటికి రెండు బిందెలే. అందరి మాదిరే."

వీధంతా అవునంది. నేను కూడా తల ఊపాను, ఊపకపోతే నా బిందె పక్కకు పోయేటట్టుంది. సారు ముఖంలో నెత్తురు లేదు. నీళ్లు ఇగిరితే ఉప్పు అట్లే ఉంటాదని, దాని మీద మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే అన్నీ చస్తాయని, హేమలత చదువు పోతుందని చెప్పబోయారు. ఆయన గొంతు హనుమక్క గొంతు ముందు ఎక్కడ ఆనుతుంది? చివరికి రెండు బిందెలు కట్టుకుని ఇంటికొచ్చారు. ఆ వేళ ఏదీ నాలుకకు ఆనించలేదు. అది చూసి నాకు మొదటిసారి గుబులేసింది.

నాలుగు రోజుల్లో ఎండ మరీ ముదిరింది. మధ్యాహ్నం కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. పైనుంచి సారు కేక. "తిప్పేషూ! గాలి మోటార్లు నిలిచిపోయినాయి, పరిగెత్తిరా!"

షాపులో ఉన్న పాత బ్యాటరీ భుజాన వేసుకుని పరిగెత్తాను. సారు వరండాలో బనీనుతో, సైకిలు పంపు ఒక తొట్లో పెట్టి గాలి కొడుతున్నారు. చెమటలు కారిపోతున్నాయి. మూడు తొట్లకు గాలందక, బురదలో దాక్కునే పురుగులు పైకి తేలుతున్నాయి. దారాల్లాంటి ఎర్రటి పురుగులు, గోరంత ఆల్చిప్పలు నోరు తెరుచుకుని. పురుగులంటే నాకు అసహ్యం. అయినా ఆ నోళ్లు చూసి ఊరుకోలేకపోయాను. వైర్లు కలిపి బ్యాటరీకి ఎక్కించాను. ఒకటి తిరిగింది, రెండోది తిరిగింది. మూడోది తిరగనంది. విప్పి, కార్బన్ గీకి, మళ్లీ బిగించి, నాలుగు దెబ్బలు వేస్తే అప్పుడు బుడగ వచ్చింది. నాలుగోది కూడా తిరిగాక సారు పంపు పక్కనపెట్టి గోడకు ఆనుకుని కూలబడ్డారు.

అప్పుడు చూశాను ఎర్రగీతలు. నీళ్లు గీతకు బెత్తెడు కిందికి దిగిపోయాయి. సారు మెల్లగా లేచి, తను తాగే చెంబు తీసుకుని, దాంట్లో ఉన్న నీళ్లు ఒక్కో తొట్లో కొంచెం కొంచెం పోశారు. పెదవులు ఎండి పగిలి ఉన్నాయి.

"సారూ, గీత దిగకుండా ఉండాలంటే ఎన్ని నీళ్లు పడతాయి?"

"దినానికి తొట్టికి రెండు చెంబులు పోస్తే చాలు."

నాలుగు తొట్లకు అన్నీ కలిపినా ఒక్క బిందె కాదు. మరి ఇన్నాళ్లూ ఆ బిందెలకు బిందెలు ఎక్కడికి పోయినట్టు?

"నిన్న పట్టిన రెండు బిందెలేవి సారూ?"

సారు తొట్టి దిక్కు తిరిగారు. "అవి పురుగులు ఒప్పుకోలేదప్పా."

"చావబోయే పురుగులు ఒప్పుకోకపోవడమేంది? నువ్వు తాగనీకి గూడా లేవు గదా!"

నాకు ఒళ్లు మండింది. ఉన్న రెండూ ఎవరికో పోసి, తొట్లు ఎండగట్టి, ఆ పిల్ల చదువు ముంచేటట్టున్నాడు ఈ మనిషి. తిన్నగా హనుమక్క దగ్గరికి పోయి చెప్పేశాను.

"నాకు తెల్సు" అంది హనుమక్క. "హోటలుకు అమ్ముతాండాడు. రేపు ట్యాంకరు రానీ. బండెనకాల పోదాం, చేతికి దొరకాల."

మర్నాడు పొద్దున్నే సారు రెండు బిందెలు బండికి కట్టుకుని వెనకసందు దిక్కు బయలుదేరారు. బండి నిండు బిందెలతో మెల్లగా పోతోంది, కాబట్టి మేము గోడల వెంట నడిచినా అందుకున్నాం. హనుమక్క మెట్టెలు చప్పుడైనప్పుడల్లా నేను గోడకు అతుక్కుపోయేవాణ్ని. హోటలు దారి వచ్చింది, బండి అటు తిరగలేదు. సందు చివర, తుమ్మచెట్ల పక్కన ఒంటరి ఇంటి ముందు ఆగింది. హనుమక్క అక్కడికక్కడే నిలిచిపోయింది.

"ఇది రామాంజినమ్మవ్వ ఇల్లు గదా" అంది, గొంతు తగ్గించి.

రామాంజినమ్మవ్వ సంగతి వీధికంతా తెలుసు. రెండేళ్ల కింద ట్యాంకరు వరసలో అవ్వ పెట్టుకున్న రాయిని హనుమక్క పక్కకు జరిపింది. రాయి కనబడలేదని హనుమక్క, కావాలనే జరిపిందని అవ్వ. ఆఖరికి అవ్వ రాయి చేతికి తీసుకుని, "మీ ట్యాంకరు వరసలో మళ్లా నిలబడితే, ఎవురైనా దయతలచి ఇచ్చిన నీళ్లు తాగితే, నేను రామాంజినమ్మనే కాదు" అని ఒట్టు పెట్టుకుని వెళ్లిపోయింది. ఒంటరి మనిషి. అప్పటినుంచి బోరు నీళ్లే తాగుతోందని అందరికీ తెలుసు. అందరూ ఊరుకున్నారు.

గోడ పక్కనుంచి మాటలు వినబడ్డాయి.

"ఏం సారూ, ఈ పొద్దు గూడా ఒప్పుకోలేదా నీ పురుగులు?"

"యాడమ్మా. మూతి తిప్పుకున్నాయి. పారబోద్దామంటే మనసు రాలేదు."

"ఎంత పొగరు వాటికి! ఇంత మంచినీళ్లు పారబోస్తారా ఎవురైనా? తే, ఆ కుండలో పొయ్యి. నీ కోసరం నేను తాగుతాలే."

"నీకు కష్టమేమో..."

"కష్టమేంది సారూ, ఒకరికొకరు సాయం చేసుకోవాల."

సారు ఎంతో రుణపడినవాడిలా చేతులు జోడించి, బిందెలు వంచి, ఖాళీ చేసుకుని సందు మలుపు తిరిగారు. మలుపులో మేమున్నాం. దొంగ దొరికినట్టు ఆయన బ్రేకు వేశారు. ఖాళీ బిందెలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి.

"అరవొద్దక్కా. అవ్వకు వినబడితే కుండ వంచేస్తాది" అన్నారు గుసగుసగా.

ఒకరోజు అటు పోతూ అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగారట. మామూలుగా నాలుక మీద పెట్టి చూస్తే పదోవంతు సముద్రం. ఉప్పెందుకు వేసినావమ్మా అంటే, "డాక్టరు ఉప్పు మానమన్నాడు సారూ, చిటికెడు గూడా వేయలేదు" అందట. ఉప్పు వేయని మజ్జిగలో అంత ఉప్పంటే అది బోరు నీళ్లదే. అవ్వ కాళ్లు చూస్తే ఉబ్బి ఉన్నాయి. ఊరికే ఇస్తే తాగదు. అందుకని పురుగులకు పొగరు అంటగట్టారు.

హనుమక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. సారుకు ఇలాంటప్పుడు నోరు ఊరుకోదు. "పావు సముద్రమే అక్కా" అన్నారు.

"నీ సముద్రం ఎండిపోను!" అంది హనుమక్క, ఏడుస్తూనే. "నువ్వు తాగనీకి లేకపోతే మాకు ఒక మాట చెప్పగూడదా?"

"చెప్తే అది దయ అవుతాది గదా. అవ్వ ఒట్టు పోతాది."

పది నిమిషాల్లో హనుమక్క తన ఇంటి బిందె చంకనేసుకుని మా మెట్లెక్కింది. "ఏ తొట్లో పోయాల? యాడిదాకా?" అని అడిగి, వంగి, ఎర్రగీతకు సరిగ్గా ఆనేటట్టు పోసింది. ఒక పురుగు తల బయటపెట్టి మళ్లీ బురదలోకి దూరింది. "అబ్బ, ఏం రోతగా ఉండావే తల్లీ" అంది ప్రేమగా.

ఆదివారం హేమలత వచ్చింది. వీధి సగం మా వరండాలో ఉంది. తొట్లలో బురద జల్లెడలో పోసి కడుగుతుంటే అందరూ మెడలు చాచి చూశారు. మొదటి తొట్లో ఎన్ని రకాలో! రకరకాల పురుగులు, ఆల్చిప్పలు, నత్తలు, గింజంత పీతలు. సగం ఉప్పు తొట్లో కొన్ని రకాలు తగ్గాయి. గాలి తక్కువ తొట్లో దారాల్లాంటి ఎర్రపురుగులదే రాజ్యం. ఇక మిగిలింది ఉప్పు ఎక్కే తొట్టి. దాంట్లో ఒకే ఒక్క రకం పురుగు కుప్పలుగా ఉంది, తక్కినవన్నీ ఖాళీ చిప్పలు. సారు తల దించుకున్నారు.

"తల్లీ, నడమ కొన్నాళ్లు నీళ్లు సరిగ్గా పోయలేకపోయినా. ఆ నాలుగు దినాలు ఉప్పు మరీ ఎక్కిందేమో. నేనే చెడగొట్టినా."

హేమలత జల్లెడ వైపు, సారు రాసిపెట్టిన ఉప్పు కొలతల వైపు మార్చి మార్చి చూసింది. "ఉప్పు ఎక్కాలనే కదా సార్ ఈ తొట్టి పెట్టింది. ఎప్పుడు ఎంత ఎక్కిందో మీరు దినమూ కొలిచిపెట్టినారు, నాకు అది చాలు. తక్కిన మూడూ నేను అనుకున్నట్టే వచ్చినాయి చూడండి. బతికినాం సార్!" అని ఆయన కాళ్లకు మొక్కింది. హనుమక్క ఈల వేసింది. ఆమెకు ఈల వచ్చని అప్పుడే తెలిసింది.

సాయంత్రానికి పురుగులు సీసాల్లోకి, బురద, నీళ్లు డ్రమ్ముల్లోకి పోయాయి. వ్యాను కదిలి వెళ్లింది. అందరూ సంతోషంగా దిగిపోయాక సారు ఖాళీ తొట్ల మధ్య నిలబడి నన్ను చూశారు.

"తిప్పేషూ, పురుగులు పోయినాయి. ఇంగ నీళ్లు ఒప్పుకోనిది ఎవురప్పా?"

అవ్వకు ఏం చెప్పాలి?

వీధి ఆ రాత్రికి ఆలోచించలేదు, హనుమక్క సంగతంతా చెప్పాక పొద్దునే ఆలోచించింది. ఎవరూ అవ్వకు చెప్పకూడదు. పురుగులు ఉన్నట్టే లెక్క. ట్యాంకరు రాగానే హనుమక్కే సారు బిందెలో వేలు ముంచి నాలుకకు ఆనించి, "థూ, ఇది ఒప్పుకోవు!" అని అరిచి ఇంకో బిందె కూడా బండికి కట్టించింది. లింగన్న కూడా ఒకటి చూసి, "ఇది గూడా కష్టమే సారూ" అన్నాడు. నాలుగు రోజులు బాగానే జరిగింది.

ఐదో రోజు పొద్దున కింద హనుమక్క కేక. "సారూ! రామాంజినమ్మవ్వ వస్తాండాది! పురుగుల్ని చూడాలంట!"

నేను షాపు వదిలి పైకి ఉరికాను. సారు పూలకుండీలోంచి మట్టి దోసిళ్లతో తీసి తొట్లో వేస్తున్నారు. నేను బకెట్టు నీళ్లు గుమ్మరించాను. హేమలత వదిలిపోయిన గాలి మోటారు ఒకటి పెట్టాను. తిరగలేదు. తన్నాను. తిరిగింది. మెట్ల మీద అవ్వ చేతికర్ర చప్పుడు వినిపిస్తోంది. మట్టి కలిసి నీళ్లు బురదగా అయ్యాయి, బుడగలొచ్చాయి, చూడటానికి సముద్రం అడుగులానే ఉంది. అప్పుడే సారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఉప్పు" అన్నారు గుసగుసగా. "ఉప్పు వేయలేదు తిప్పేషూ."

బతుకంతా లోకంలో ఉప్పు చూసిన మనిషి, వేయాల్సిన ఒక్కనాడు మరిచిపోయారు. వంటింట్లోకి పరిగెత్తబోయాను. అవ్వ అప్పటికే వరండాలో ఉంది.

వంగి తొట్లోకి చూసింది. చాలాసేపు చూసింది. "ఏవి సారూ?"

"బురద లోపల ఉంటాయమ్మా. సిగ్గు వాటికి."

"ఆదివారం ఆ పిల్ల వ్యాను మా సందు కాడ్నే తిప్పుకుని పోయింది. డ్రమ్ములన్నీ దాంట్లోనే ఉండె."

"కొన్ని... కొన్ని మిగిలినాయమ్మా" అన్నారు సారు. ఆయన నుదుటి మీద చెమట ఎన్ని సముద్రాలుందో ఆయనకే తెలియాలి.

అవ్వ కర్ర గోడకు ఆనించి, మెల్లగా వేలు తొట్లో ముంచింది. మా ఇద్దరి కళ్లూ ఆ వేలి మీదే ఉన్నాయి. అది నీళ్లలోంచి లేచి అవ్వ నాలుక దాకా వెళ్లింది. అవి ట్యాంకరు నీళ్లు, మంచినీళ్లు, చిటికెడు ఉప్పు లేదు. అవ్వ కళ్లు మూసుకుంది, అచ్చం సారు మూసుకున్నట్టే. తర్వాత తెరిచి సారు ముఖంలోకి చూసింది.

"సరిగ్గా ఒక సముద్రం ఉండాది సారూ" అంది.

కొంగుతో వేలు తుడుచుకుని కర్ర తీసుకుంది. మెట్ల దాకా పోయి వెనక్కి తిరిగింది. "ఇంగో మాట. ఈ మధ్య మూడు బిందెలు తెస్తాండావు. నా కుండలో రెండే పడతాయి. మూడోది ఒప్పుకోమని నీ పురుగులకు గట్టిగా చెప్పు."

అవ్వ ఒక్కో మెట్టూ దిగిపోతోంది. కింద గుమ్మం పక్కన నక్కి ఉన్న హనుమక్క ఏమైందని చేత్తోనే అడిగింది.

నేను పిట్టగోడ మీదికి వంగి చెప్పాను. "ఉప్పు సరిపోయిందంట అక్కా!"